నిలువు గీత మీద ఏం రాయాలి?

ఆదివారాలు మైపాడులో కొందరు పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. ఆ మధ్య గ్రాఫుల పాఠం. ఒక పక్క గీతలు, ఇంకో పక్క సందర్భాలు: బకెట్టు నిండటం, టీ చల్లారటం, బస్సు స్టాపులో ఆగటం. ఏ గీత ఏ కథదో జతపరచాలి. అందరూ బాగానే చేశారు. పుస్తకం మూసేసి, "ఇప్పుడు వేట నిషేధానికి గ్రాఫు గీయండి" అన్నాను.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలు వేటకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. నేననుకున్న జవాబు తేలికే: గీత సున్నాకి పడాలి, రెండు నెలలు అడ్డంగా సాగాలి, మళ్ళీ లేవాలి.

ఎనిమిదో తరగతి పిల్లాడొకడు పెన్సిలు కదపలేదు. "ఏది గీయాల సార్? బోట్లా, చేపలా, మా నాయన అప్పా?"

మూడింటికీ అడ్డగీత ఒకటే, కాలం. అది ఎవరూ ఎంచుకునేది కాదు. నిలువు గీత మీద ఏం రాయాలన్నది మాత్రం ఎవరో ఒకరు ఎంచుకోవాలి. బోట్లని ఎంచుకుంటే ఆ రెండు నెలలూ సెలవుల్లా కనిపిస్తాయి. చేపలనైతే, అనుకున్నట్టు జరిగితే గీత పైకి పోతుంది. అప్పు గీతా పైకే పోతుంది. పేర్లు చెరిపేస్తే ఆ రెండింట్లో ఏది శుభమో, ఏది భయమో చెప్పలేం.

నిషేధ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలయింది. బోట్ల గ్రాఫులో దానికి చోటే లేదు. అప్పు గ్రాఫులో మాత్రం ఎంతిచ్చారన్నదే కాదు, ఏ రోజున ఇచ్చారన్నదీ లెక్కే. అంతదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది కదా.

అలాగని నిషేధం తప్పని కాదు. సముద్రంలో చేప మిగలకపోతే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆ పిల్లాడే. కానీ చేపల గీతని ఏళ్ళ లెక్కన చదవాలి. అప్పు గీతని వారాల లెక్కన చదువుతారు. రెండూ ఒకే కాగితం మీద గీయొచ్చు గానీ, చేపల్లోంచి రూపాయల్ని తీసేయలేం. ఒకటి పెరగడానికి ఇంకోటి ఎంత పెరిగినా ఫర్వాలేదో ఏ గ్రాఫూ చెప్పదు. అది మనం చెప్పాల్సిన మాట. మిగిలిన చేప నెల్లూరులోనూ చెన్నైలోనూ మనందరి కంచాల్లోకి వస్తుంది. దాన్ని మిగల్చడానికయ్యే ఖర్చు మాత్రం ఒడ్డునున్న ఇళ్ళ మీదే పడుతోంది. దీన్ని లెక్కల ప్రశ్న అనుకున్నంత కాలం, ఆ ఖర్చు ఎవరు మోయాలని అడిగే పని తప్పిపోతుంది.

"నీకిష్టమైంది గీయి, మార్కులేస్తా" అన్నాను. వాడు అప్పే గీశాడు. జూన్ 14 దగ్గర ఆపలేదు. కాగితం అంచుదాకా లాగాడు.