భాగస్వాముల మధ్య న్యాయం

ఇద్దరు కలిసి సంపాదించిన సొమ్మును ఎలా పంచుకోవాలి? సమానంగానా, ఎవరి వల్ల ఎక్కువ వచ్చిందో వారికి ఎక్కువగానా? పైకి ఇది లెక్కల ప్రశ్న. నిజానికి మనసుకు పరీక్ష.

ఫుట్‌బాల్ జట్ల యజమానుల సంగతే చూడండి. ఇంగ్లాండులో 1992లో మొదలైన ప్రీమియర్ లీగ్‌లో స్వదేశీ టీవీ ప్రసారాల సొమ్ములో సగాన్ని అన్ని జట్లకూ సమానంగా, పావు వంతును పట్టికలో స్థానాన్ని బట్టి, మిగతా పావు వంతును టీవీలో చూపిన మ్యాచ్‌లను బట్టి పంచుకున్నారు. విదేశాల నుంచి వచ్చే సొమ్ము మాత్రం అందరికీ సమానమే. ఆ సొమ్ము పెరిగేకొద్దీ పెద్ద జట్లకు సమాన వాటా రుచించలేదు. బయటి దేశాల ప్రేక్షకులు చూసేది తమనే అన్నది వారి వాదన. చివరకు 2018లో, ఇకపై పెరిగే విదేశీ ఆదాయాన్ని స్థానాన్ని బట్టి పంచాలనీ, అయితే అత్యధిక వాటా అత్యల్ప వాటాకు 1.8 రెట్లు మించరాదనీ ఒప్పుకున్నారు.

పెద్ద జట్ల వాదనలో నిజం లేకపోలేదు. కాని ఓడే జట్టు ఎదుట లేకపోతే గెలిచే జట్టు ఎవరితో ఆడుతుంది?

మన దగ్గరికే వద్దాం. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది ఫుట్‌బాల్ సమాఖ్యకూ, లీగ్ నడిపే సంస్థకూ మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం గడువు తీరింది. కొత్త ఒప్పందం కుదరక పోటీలు వేళకు మొదలు కాలేదు. పెద్దల లెక్క తేలకపోతే ఆటగాడి జీతానికీ, అభిమాని సంతోషానికీ గండి పడుతుంది.

శ్రీశైలం ప్రాజెక్టుతో పెరిగిన సున్నిపెంట వాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. జలాశయం ఒక్కటే. కుడిగట్టున 770 మెగావాట్ల విద్యుత్కేంద్రం, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రం. 2014లో రాష్ట్రం విడిపోయాక మొదటిది ఆంధ్రప్రదేశ్‌కు, రెండవది తెలంగాణకు దక్కాయి. నీటి వాటాల తగాదా మాత్రం తీరలేదు. జలాశయం అడుగంటితే ఇరువైపులా టర్బైన్లు ఆగవలసిందే.

దివ్యఖుర్ఆన్‌లోని సాద్ సూరాలో హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ఎదుటికి ఒక తగవు వస్తుంది. ఒకరికి తొంభై తొమ్మిది గొర్రెలు, మరొకరికి ఒక్కటే. ఆ ఒక్కటీ తనకే కావాలని మొదటివాడు మాటలతో ఒత్తిడి చేస్తాడు. అతనికి లేమి లేదు, ఉన్నది చాలదనే ఆశ మాత్రమే. భాగస్వాములలో అన్యాయం చేయనివారు, అంటే విశ్వాసమూ సదాచరణా గలవారు, అరుదని అక్కడ మనకు హెచ్చరిక ఉంది.

అలాగని వాటాలు ఎప్పుడూ సమానంగానే ఉండాలని కాదు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం లాభాన్ని ముందుగా ఒప్పుకున్న వంతుల ప్రకారం పంచుకోవచ్చు. నష్టాన్ని మాత్రం పెట్టుబడి మేరకే భరించాలి. కనుక హెచ్చుతగ్గులు అన్యాయం కావు. లెక్క దాచడం, ఒప్పుకున్న మాట తప్పడం, ఎదుటివాడి నిస్సహాయత చూసి మెడలు వంచడం అన్యాయం.

సోదరులారా! అన్నదమ్ములు కలిసి కొట్టు పెట్టేటప్పుడు ‘మనలో మనకు రాతకోతలేమిటి’ అనుకుంటారు. కొట్టు నడిచాక ఆ మొహమాటమే వైరమవుతుంది. వంతులు మొదటే రాసుకోండి. లాభం పెరిగిన రోజున మీ భాగస్వామి ముఖం ఒకసారి చూడండి. అతని చేతిలో ఉన్నది ఆ ఒక్క గొర్రె కాదు కదా? ఇక్కడ దాచిన లెక్కను ప్రళయదినాన అల్లాహ్ ఎదుట విప్పక తప్పదు.