మండుటెండలో కాయకము

శరణులు కాయకమును పూజగా భావించిరి. 12వ శతాబ్దమున కల్యాణమునందు త్రాళ్లు పేనిన నులియ చందయ్యయు, బట్టలుతికిన మడివాళ మాచయ్యయు బసవేశ్వరుని సరసన గౌరవము పొందిరి. అయితే కాయకము పూజయే అయినచో, వైశాఖపు మిట్టమధ్యాహ్నమున సిమెంటు తట్ట మోయు కూలివానితో "ఇది నీ కాయకము, ఆపవలదు" అనుట ధర్మమగునా?

మానవదేహపు వేడి సుమారు 37 డిగ్రీలు. శ్రమవలన పుట్టు అధికపు వేడిని చెమట ఆరుటచే దేహము వెలికి పంపును. గాలిలో తేమ హెచ్చినను, త్రాగునీరు చాలకున్నను ఈ మార్గము మూసికొనిపోవును. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, స్పృహ తప్పుటయే వడదెబ్బ. అట్టివానిని వెంటనే నీడకు చేర్చి, ఒడలంతయు చల్లని నీటితో తడిపి, విసరుచు, 108 వాహనమును పిలువవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. ఎండపనికి క్రొత్తగా వచ్చినవానికి తొలిదినములలో అపాయము మెండు. దేహము అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి.

"నీడకు పోరాదా?" అని కొందరు కూలివానినే తప్పుపట్టుదురు. గుత్తపనివానికి పని ఆగినచో కూలియు ఆగును. రోజుకూలి మాటిమాటికి నీడకు పోయినచో మేస్త్రీ మరునాడు పిలువడు. కావున ఎండలో పని ఆపు అధికారము నిజమునకు పని చేయించువాని చేతిలోనే కలదు, బాధ్యతయు అతనిదే.

బియ్యపుగింజలు ఏరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడాయన అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును భార్య లక్కమ్మ తిరిగి పంపించెను. గింజలు మిగులుటయే దోషమైనచో, కూలివాని ప్రాణమునుండి పిండుకొను మిగులు గంట దోషము కాదా?

గృహప్రవేశ ముహూర్తము దాటునని తొందరపెట్టువారు కలరు. ముహూర్తముల పట్టింపును బసవేశ్వరుడు నిరసించిన సంగతి వారు మరువరాదు. స్లాబు పోత మధ్యలో ఆపరాదను మాట నిజమే. దానిని రాత్రివేళకు మార్చుకొనవచ్చును. మఠప్రాకారమైనను, స్వగృహమైనను వేసవిలో కట్టించువారు వేకువనే పని మొదలిడి, 11 గంటలకు ఆపి, పొద్దు వాలిన పిమ్మట సాగింపవలెను. నీడయు, నీరును, మజ్జిగయు సమకూర్చవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ విరామమునకు కూలి కోయరాదు. కూలి కోసి చూపిన నీడలో ఎవడును నిలువజాలడు.