రెక్కలు కాలిన తరువాత

సంక్రాంతి దినములలో గోదావరి మండలమున ఏ గ్రామమునకు పోయినను చెడుగుడు బరి కనిపించును. రామచంద్రపురం పరిసరములందును అంతే. కూతకు పోయినవాడు పాదమును నేలకు గట్టిగా ఆనించి, దేహమును ఒక్కసారిగా మరలించును. ఆ మలుపులోనే కొందరికి మోకాటిలోని లిగమెంటు తెగుచున్నది. శస్త్రచికిత్స జరిగినను మరల బరిలో దిగుటకు తరచుగా తొమ్మిది నెలలో, సంవత్సరమో పట్టును. కొందరికి ఆ దినము రానే రాదు. అట్టి యువకునితో వైద్యుడు "ఇక చెడుగుడు వద్దు, ఈత నేర్చుకొనుము" అనును. అది సులభమైన మాటయే. కాని వినువాని మనస్సులో ఒక ప్రశ్న లేచును: పదేండ్లు ప్రాణముగా చూచుకొన్న ఆటను విడిచి మరియొకటి పట్టుట వివేకమా, లేక ఓటమికి కప్పిన దుప్పటియా?

ఇది పిల్లల ప్రశ్న యని పెద్దలు కొట్టివేయరాదు. "ఆటయే గదా, పోతే పోయినది" అని ఓదార్చువారు వాని దుఃఖమును తెలిసికొనలేదనియే చెప్పవలెను. అభ్యాసము దేహమున ఇమిడిన పిదప అది వేషము వంటిది కాదు, విప్పి పెట్టుటకు.

శ్రీమద్రామాయణము కిష్కింధాకాండలో సంపాతి కథ కలదు. సంపాతి జటాయువులు యౌవనగర్వమున పందెము వేసికొని సూర్యుని వైపు ఎగిరిరి. నేటి మాటలో చెప్పవలెనన్న అది క్రీడయే. తమ్ముడు ఎండకు సొమ్మసిల్లుట చూచి, అన్న తన రెక్కలతో వానిని కప్పెను. జటాయువు బ్రదికెను. సంపాతి రెక్కలు కాలి వింధ్యపర్వతముపై పడెను. ఎగురుటయే జన్మగా గల పక్షికి రెక్కలు లేకుండుట యెట్టిదో ఊహింపవచ్చును. వాడు కొండకొమ్మునుండి దూకి చావదలచెను. ఈ మాటను ఆదికవి దాచలేదు.

అప్పుడు నిశాకరముని చెప్పిన మాట విచారింపదగినది. నేడే నీకు రెక్కలు ఈయగలను, కాని నీవు ఇచ్చట ఉండినచో లోకమునకు హితము జరుగును, కనుక ఈయను అని ఆ ముని భావము. రెక్కలున్న సంపాతి ఆ కొండపై నిలుచునా? వానరులు వచ్చు వేళకు ఏ దిక్కున ఉండెడివాడో!

రెక్కలు పోయినను చూపు పోలేదు. నూరు యోజనముల సముద్రమునకు ఆవలనున్న లంకలో సీతమ్మను చూచి చెప్పినది ఆ కన్నులే. పూర్వము కూడ అవి ఉన్నవే. కాని ఎగురువానికి చూపు రెక్కలకు తోడుమాత్రమే, కూర్చుండినవానికి అదియే వృత్తి. అట్లని సంపాతి ఆ కొండపై ఋషివలె శాంతుడై కూర్చుండెననుకొనరాదు. వానరులను చూడగానే మొదట వానికి కలిగిన తలంపు, చాలకాలమునకు ఆహారము దొరికినదని! జటాయువు పేరు చెవినబడిన తరువాతనే మనస్సు మారినది. కొండ దిగుటకు శక్తి లేక, దింపుడని వానరులనే అడిగెను. అంగదుడు దింపెను. ఒకనాడు సూర్యునితో పందెము కట్టినవానికి ఆ అడుగుటయే కష్టమై యుండును.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. సంపాతికి ముందుగానే ఫలము చెప్పబడినది, కడపట రెక్కలు మొలచినవి. సామాన్యునికి అట్టి ముని ఎవరు? ఆక్షేపణ న్యాయమైనదే. మహారాష్ట్రమునకు చెందిన మురళీకాంత్ పేట్కర్ సైన్యములో ముష్టియుద్ధ క్రీడాకారుడు. 1965 యుద్ధములో తుపాకిగుండ్లు తగిలి నడుమునకు క్రింది భాగము పనిచేయకుండెను. కాళ్ళు మరల రాలేదు, ముష్టియుద్ధమును రాలేదు. ఆయన నీటిలో దిగెను. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గు పారాలింపిక్ క్రీడలలో 50 మీటర్ల ఈతను 37.33 సెకండ్లలో ముగించి, భారతదేశమునకు ఆ క్రీడలలో తొలి స్వర్ణపతకము తెచ్చెను. పద్మశ్రీ వచ్చినది 2018లో. ఆ ఈదిన దినమున అది తెలియదు గదా.

అందరును ఆట మార్చవలెనని కాదు. పుల్లెల గోపీచంద్ 1994లో మోకాటి గాయము తగిలియు బ్యాడ్మింటనును విడువక, 2001లో ఆల్ ఇంగ్లండు విజేత అయ్యెను. మరలగలిగినవాడు మరలవచ్చును. మరలలేనివాడు ఆ ఉదాహరణమును చూచి తన్ను తాను నిందించుకొనుట మాత్రము తగదు. దేహము ఇద్దరికి ఒక్క తీరుగా ఈయబడలేదు.

క్రొత్త ఆటలో ప్రవేశించినవాడు చేయు పొరపాటు వేరొకటి కలదు. వాడు ఈదుచునే చెడుగుడును కొలమానముగా పెట్టుకొనును. "అక్కడ నేను ఊరికి మొదటివాడను, ఇక్కడ పదేండ్ల బాలుడు నన్ను దాటిపోవుచున్నాడు" అనును. ఆ బాధ అహంకారమునకే గాని మోకాటికి కాదు. అందును కప్పవలె కాళ్ళు విదిలించు ఈత మోకాటిని మెలిపెట్టును. వైద్యుడు ఒప్పు వరకు అది కూడదు. చేతులతో నీటిని లాగుచు, కాళ్ళను తిన్నగా చాచి ఈదవలెను. చెడుగుడులో నేర్చిన ఊపిరి బిగింపు ఈతలో అచ్చముగా పనికిరాదు, విడుచుట నేర్చుకొనవలెను. మొదటి దినములలో నీరు మ్రింగుట తప్పదు.

సంపాతి మాట ముగియకముందే వానికి ఎఱ్ఱని ఈకలతో క్రొత్త రెక్కలు మొలచినవి. తన ఎగురుశక్తి యెట్లున్నదో చూచుకొనదలచి వాడు శిఖరమునుండి లేచెను. ఆదికవి అంతవరకే చెప్పినాడు. సూర్యుని వైపు పోయెనని చెప్పలేదు.