బాట లేని చోట ఎవరి మాట?

హిమాలయాల్లో నలుగురూ నడిచే బాటలు నాలుగైదు తిరిగాక చాలామందికి ఒక కోరిక పుడుతుంది. బాట వదిలి, గుడారం వీపున వేసుకుని, నక్ష చూసుకుంటూ సొంతంగా ఒక కొండ దాటాలని. అలాంటి కోరిక ఉన్న ఒక అమ్మాయికీ, సర్వే శాఖలో సర్వేయరుగా పనిచేసి రిటైరైన ఆమె మేనమామకూ బోధన్‌లో, శక్కర్‌నగర్ ఇంట్లో జరిగిందనుకున్న సంభాషణ ఇది. మనుషులు ఊహలోని వాళ్లే. ప్రశ్న మాత్రం కొండ మీదికి వెళ్లేవాళ్లందరిదీ.

మేనకోడలు: మామా, సెప్టెంబర్ ఆఖర్ల కులూ పోతున్నం, ముగ్గురం. రెండు లోయలున్నయి. ఇటు లోయల బాట ఉంది, అటు లోయల బాట ఉంది. నడుమ కొండకు మాత్రం లేదు. ఆ కొండ దాటుదామని.

మామ: నడుమ బాట ఎందుకు లేదు?

మేనకోడలు: ఎవరూ పోరు కాబట్టి.

మామ: ఎవరూ ఎందుకు పోరు?

మేనకోడలు: అది నాకెట్ల తెలుస్తది?

మామ: మొదలు తెలుసుకోవాల్సింది అదే బిడ్డా. ఊరి నక్షల బండ్లబాట ఉంటది, కాలిబాట ఉంటది. గొలుసు పట్టుకొని వాటి వెంట తిరిగినోణ్ణి కాబట్టి చెప్తున్న. బాట వంకర తిరిగిన కాడ ఏదో కారణం ఉంటది. వానకాలం నీళ్లు నిలుస్తయో, బండ అడ్డమున్నదో. బాట అంటే ముందు నడిచినోళ్లు ఇచ్చిన తీర్పు. బాట లేదంటే రెండే సంగతులు. అటు పోయే పని ఎవరికీ పడలేదు, లేకపోతే పోయి చూసినోళ్లు వద్దనుకున్నరు. రెంటిల ఏదో నక్ష చెప్పదు.

మేనకోడలు: మరి ఎవరు చెప్తరు?

మామ: గద్దీ కాపరులు చెప్తరు. ఎండకాలం గొర్రెలను పై మేతలకు తోలుకపోయి, చలికాలం ముందర కిందికి దిగుతరు. నువ్వు పోయేటప్పటికి దిగుతనే ఉంటరు. నీకు బాట లేని కొండ మీద వాళ్లకు తొవ్వ ఉండొచ్చు. అడగకుండ పోయి ‘మేమే మొదలు’ అనుకుంటే నవ్వుకుంటరు.

మేనకోడలు: అడుగుత. కానీ అసలు సంగతి విను. ఇన్నిసార్లు పోయిన గదా, ముందోళ్ల బూట్లు చూసుకుంట నడుసుడే. గైడు ఆగమన్న కాడ ఆగుడు, తినమన్నప్పుడు తినుడు. కొండంత ఎక్కినా అందుల నాది అన్న నిర్ణయం ఒక్కటి లేదు. వేరేవాళ్ల తీర్పు వద్దనే ఇప్పుడు బాట వదులుతున్న.

మామ: వద్దన్నంత మాత్రాన తీర్పు అవసరం పోతదా? ఇన్ని రోజులు బాట మోసిన బరువు ఇప్పుడు నీ వీపు మీదికి వస్తది. ఎక్కడ దిగాలె, ఎక్కడ వాగు దాటాలె, ఎప్పుడు ఆగాలె, అన్నీ. నువ్వు తక్కువ బరువుతోని పోతున్న అనుకుంటున్నవ్.

మేనకోడలు: మన జిల్లా పిల్ల పూర్ణ పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కింది. నాకు ఇరవై ఆరు. ఒక చిన్న కొండ దాటలేనా?

మామ: ఎక్కింది. సిరికొండ మండలం పాకాల పిల్ల, తాడ్వాయి గురుకులంల చదివింది. 2014 మే 25న శిఖరం మీద నిలబడ్డది, ఖమ్మం జిల్లా పిలగాడు ఆనంద్ కుమార్ తోడు. కానీ దాని ముందర ఏమున్నదో చూడు. భువనగిరి గుట్ట మీద తాళ్లతోని బండ ఎక్కుడు, దిగుడు. తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థల శిక్షణ. తర్వాత లడఖ్ చలి. ఒక్కొక్క మెట్టుకు పిల్లలను వడపోసుకుంట పోయిన్రు. ఆఖరికి పోయిన టిబెట్ దారి కూడ తాళ్లు కట్టిన దారే, వెంట షెర్పాలున్నరు. ఆ పిల్ల ధైర్యం చిన్నది కాదు. కానీ ‘పోవాల్నా, ఆగాల్నా’ అన్న తీర్పు ఆ పిల్ల ఒక్కదాని నెత్తి మీద పెట్టలేదు. నువ్వు పెట్టుకుంటున్నవ్. ఎత్తుల నీ కొండ చిన్నదే. తీర్పుల పెద్దది.

మేనకోడలు: తీర్పు కోసమే నక్ష తెచ్చుకున్న. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు, రెండు సెంటీమీటర్లకు కిలోమీటరు. ఫోన్‌ల కూడ దింపుకున్న, సిగ్నల్ లేకున్నా జీపీఎస్ చూపిస్తది.

మామ: నేను బతికిందే నక్షల మీద, దాన్ని తక్కువ చెయ్య. ఎవరెస్టు పేరు నువ్వే తీసినవ్ కాబట్టి ఒకటి చెప్త. లాంబ్టన్ 1802ల మద్రాసు దగ్గర దేశాన్ని కొలుసుడు మొదలువెట్టిండు. ఆ కొలత 78 డిగ్రీల రేఖాంశం పక్కపొంట ఉత్తరానికి సాగింది. ఆ రేఖ మన బోధన్‌కూ నిజామాబాద్‌కూ నడుమ నుంచే పోతది. జార్జి ఎవరెస్టు కూడ ముందుగాల నిజాం రాజ్యంలనే ఆ పని చేసిండు. ఆయన తర్వాతి సర్వేయర్లకు నేపాల్‌ల అడుగు పెట్టనియ్యలేదు. నూటయాభై కిలోమీటర్లకంటే ఎక్కువ దూరంల, మన దిక్కు మైదానాల నుంచి చూసి ఎవరెస్టు శిఖరం ఎత్తు 29,002 అడుగులని 1856ల చెప్పిన్రు. ఇప్పటి లెక్కకు పది మీటర్ల తేడా కూడ లేదు.

మేనకోడలు: చూసినవా మరి! నక్ష అంత గట్టిది.

మామ: గట్టిదే. కానీ ఎత్తు తెలిసినంక మనిషి పైకి పోవుటానికి 1953 దాకా పట్టింది. ఎంత ఎత్తున్నదో చెప్పే లెక్క వేరు, కాలు ఎక్కడ పెట్టాల్నో చెప్పే లెక్క వేరు. నీ షీట్ల ఎత్తు గీతకూ గీతకూ నడుమ ఎంత?

మేనకోడలు: నలభై మీటర్లు.

మామ: అంటే ముప్పై మీటర్ల నిట్టనిలువు బండ రెండు గీతల నడుమ దాక్కోవచ్చు, ఒక్క గీతను కూడ ముట్టకుండ. కాగితం మీద అది మామూలు వాలు. మనిషికి అది గోడ. ఇంకొకటి. ఆ నడుమ భాగం ఎంత దూరం, ఎంత ఎక్కుడు?

మేనకోడలు: ఆరు కిలోమీటర్లు. తొమ్మిది వందల మీటర్లు ఎక్కాలె. పొద్దున బయలుదేరితే పగటీలికి కొండ మీద ఉంటం.

మామ: స్కాట్లండ్‌ల నైస్మిత్ అని ఒకాయన 1892ల లెక్క చెప్పిండు. ఐదు కిలోమీటర్లకు గంట, ప్రతి ఆరు వందల మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. వేసి చూడు.

మేనకోడలు: దూరానికి గంటా పన్నెండు నిమిషాలు, ఎక్కుడుకు గంటన్నర. రెండు గంటల నలభై రెండు నిమిషాలు.

మామ: ఆయన చెప్పింది మంచి నేల మీద, ఆగకుండ నడిచేటోళ్లకు. మీకు వీపు మీద బరువు, కాళ్ల కింద కదిలే రాళ్లు, పైన పలుచటి గాలి. రెండింతలు వేసుకో. పైకి పోవుటానికే ఐదున్నర గంటలు. దిగుడు వేరే. అది కూడ నువ్వు చూడని దిక్కుకు దిగుడు. ఆర్మూరు సిద్ధులగుట్ట బండల మీద బరువేసుకొని ఒకసారి తిరిగి చూడు. ఎక్కిన బండ దిగరాదని తెలుస్తది. దిగలేనిది ఎక్కొద్దు, గంతే.

మేనకోడలు: ఇట్ల అన్నీ లెక్కలు వేసుకొని పోయేదానికి బాట మీదనే పోవచ్చు గదా! అయినా బాట ఉన్నంత మాత్రాన భద్రమా మామా? ఈ జాగనే చూడు. 1931 కల్లా నిజాంసాగర్ కట్టిన్రు, కాలువలు తవ్విన్రు, 1937ల శక్కర్ ఫ్యాక్టరీ పెట్టిన్రు. నీళ్లు ఎటు రావాలె, చెరుకు ఎటు పోవాలె, అంతా గీసి ఉండె. అందరూ ఆ బాట మీదనే నడిచిన్రు. 2015 డిసెంబర్‌ల ఫ్యాక్టరీ ఆగింది. చెరుకు రైతు వరికి మళ్లిండు, సోయాకు మళ్లిండు. ముందు నడిచినోళ్ల తీర్పు వాళ్లను కాపాడిందా?

మామ: లేదు. ఈ మాటల నీదే పైచెయ్యి. మంచి బాట చానా ఏండ్లు నడిస్తే ఒక ప్రశ్న నిద్రపోతది. ‘ఇది ఇక్కడ ఆగిపోతే నేను ఎటు మళ్లాలె?’ అన్నది. బాట దానికి జవాబు చెప్పదు, అడిగే అవసరం రానియ్యదు. నువ్వు కొండ మీద ఆ ప్రశ్నను లేపుతానంటున్నవ్. మంచిదే. కానీ దాన్ని ఎక్కడ లేపాలె? కొండ మీద లేపితే అప్పటికే ఆలస్యమైతది. ఇక్కడనే లేపాలె.

మేనకోడలు: ఇక్కడ కూసున్న నాకు అక్కడి మంచు తెల్వదు, వాగు తెల్వదు. అక్కడ నిలబడ్డ నాకు అన్నీ కండ్ల ముందట ఉంటయి. తెల్వనోళ్ల మాట తెలిసినోళ్లు ఎందుకు వినాలె?

మామ: మంచిగ అడిగినవ్. అక్కడి నీకు చూపు ఎక్కువ, ఒప్పుకుంట. ఆశ కూడ ఎక్కువ. సెలవు పెట్టినవ్, రైలు టికెట్లకు పైసలు పెట్టినవ్, మూడు రోజులు నడిచినవ్. కొండ శిఖరం ఇంకో వంద మీటర్లే కనపడుతది. ‘వెనక్కు పోదామా’ అన్న కేసు అప్పుడు నీ ముందటికి వస్తది. సొంత లాభమున్న కేసును జడ్జి వినొద్దంటరు గదా. అక్కడి నువ్వు ఆ జడ్జివి.

మేనకోడలు: నేను అంత ఆశపోతునా?

మామ: ఆశ లేకున్నా ఎత్తు ఉంటది. మూడు వేల మీటర్లు దాటినంక పండుకునే చోటు రోజుకు ఐదు వందల మీటర్లకంటే పెరగొద్దు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలె. తొందరపడితే కొందరికి మెదడుకు నీరు పడుతది. మడమకు బొటనవేలు ఆనించుకుంట గీత మీద నడవమంటే తూలుతరు. అయినా ‘నేను మంచిగనే ఉన్న’ అంటరు. అసలు మందు కిందికి దిగుడే. దిగాల్నో వద్దో చెప్పాల్సిన బుద్ధే ముందు దెబ్బతింటది. నీ కాలు విరిగితే నీకు తెలుస్తది. బుద్ధి మందగిస్తే పక్కనున్నోళ్లకు తెలుస్తది, నీకు తెల్వదు.

మేనకోడలు: అంటే ఇంట్ల కూసున్న నేను రాణిని, కొండ మీది నేను బంట్రోతును. ఇది స్వేచ్ఛ ఎట్ల అయితది?

మామ: అట్ల కాదు, అధికారాలు పంచు. ఏ బండ పక్క నుంచి పోవాలె, ఎక్కడ నీళ్లు పట్టుకోవాలె, గుడారం ఎక్కడ, అవన్నీ అక్కడి నువ్వే చూసుకో. ఇక్కడి నీకు వాటిల మాట లేదు. కానీ ఎన్ని గంటలకు వెనక్కు తిరగాలె, ఎట్లాంటి వాలు మీద కాలు పెట్టొద్దు, ముగ్గురిల ఎవరికైనా తలనొప్పి, వాంతులు వస్తే ఏం చెయ్యాలె, ఇవి ఇక్కడనే రాయి. అక్కడి నువ్వు ఈ హద్దుకంటే ముందే ఆగొచ్చు. దాటొద్దు.

మేనకోడలు: ముందు ఆగే హక్కు ఉంది, తర్వాత ఆగే హక్కు లేదు.

మామ: గంతే. ముందు ఆగితే పోయేది ఒక సెలవు. తర్వాత ఆగితే ఏం పోతదో చెప్పలేం. రెండు తప్పుల ఖరీదు ఒకటి కానప్పుడు రెంటికీ సమానమైన వెసులుబాటు ఎట్ల ఇస్తం?

మేనకోడలు: సరే, రాయి. కొండ మీదికి పగటీలి పన్నెండు లోపట చేరకపోతే వెనక్కు.

మామ: చేరినా అవతలి దిక్కు కండ్లకు కనపడకపోతే వెనక్కు. మబ్బుల చూడని దిక్కుకు దిగొద్దు. మంచు కరిగి పారే వాగు పొద్దున తక్కువుంటది, సాయంత్రానికి పొంగుతది. సాయంత్రం ఎదురైతే ఇవతలి ఒడ్డున్నే పండుకో. ముగ్గురిల ఒక్కరు వద్దన్నా వెనక్కు. ఓట్లు లెక్కపెట్టొద్దు.

మేనకోడలు: ఇద్దరం సరే అంటే?

మామ: భయపడ్డోణ్ణి ఒప్పించి తీసుకపోతే వాని అడుగు కూడ నువ్వే వేసినట్టు. తర్వాతది. ఈ కాగితం నకలు నాకియ్యి. మన దేశంల శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండ వాడరాదు, అక్కడ సిగ్నల్ రాదు. ఏ రోజు ఎన్ని గంటల దాకా ఫోన్ రాకపోతే నేను 112కు చెప్పాల్నో రాసి పెట్టు. గుడారం రంగు కూడ రాయి. అడవి శాఖ అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాల్నో ముందే అడుగు.

మేనకోడలు: మేం పోయిన తొవ్వల రాళ్లు కుప్పలు పేర్చుకుంట పోదామనుకున్నం. వెనక వచ్చేటోళ్లకు పనికొస్తదని.

మామ: పేర్చొద్దు. మీరు తప్పు దిక్కు పోయినా ఆ రాళ్లు నిజం చెప్పినట్టే నిలబడుతయి. పచ్చిక మీద ముగ్గురూ ఒకరి వెనక ఒకరు కాకుండ ఎడమెడంగ నడువున్రి, గీత పడకుండ. నీ కాలి తీర్పు ఇంకొకరికి ఆజ్ఞ కావొద్దు. వేరేవాళ్ల తీర్పు వద్దని గదా బాట వదిలింది, వెనకచ్చేటోళ్లకు కూడ ఆ స్వేచ్ఛ ఉంచు.

మేనకోడలు: ఆఖరు మాట మామా. ఇవన్నీ పాటిస్తే ఈ కొండ ఎప్పటికీ దాటనేమో. ఒకసారి మబ్బు, ఒకసారి ఆలస్యం, ఒకసారి ఎవరికో తలనొప్పి. ప్రతిసారీ వెనక్కే వస్తే?

మామ: అప్పుడు హద్దు తప్పేమో చూద్దాం. పన్నెండు గంటలన్నది దేవుడు రాసింది కాదు, నువ్వూ నేనూ రాసింది. రెండుసార్లు పోయి చూసినంక ఒంటిగంట సాలనిపిస్తే ఒంటిగంట అని రాయి. ఇంకా పొద్దుగాల బయలుదేరుడు సాధ్యమైతే అది రాయి. మొదటిసారి పోయేది నిజానికి దాని కోసమే, హద్దు ఎక్కడుండాల్నో తెలుసుకొనుటానికి. కానీ మార్చేటప్పుడు ఇంటికొచ్చి, కడుపునిండ తిని, మనసు నిమ్మళమైనంక మార్చు. కొండ మీద నిలబడి మార్చకు.