కోరి వరించిన శ్రమ

మనుష్యుడు కష్టమును తప్పించుకొనుటకు ఎంత ప్రయాసపడునో, కొన్ని వేళల కష్టమును వెదకికొని పోవుటకును అంత ప్రయాసపడును. బ్రతుకుదెరువు కొరకు గాక, ఎవరి ఆజ్ఞ వలనను గాక, నడివేసవిలో రాళ్లు తేలిన కొండదారుల వెంట పరుగుపందెమునకు దిగువాని శ్రమకు నైతికమైన విలువ ఏమి? అది తపస్సా, వినోదమా, లేక కేవలము అహంకారమా?

ఇట్టి పరుగులో అసలు ప్రత్యర్థి ప్రక్కనున్న మనుష్యుడు కాడు. ఎక్కునపుడు ఊపిరికిని, దిగునపుడు మోకాళ్లకును పరీక్ష జరుగును. అన్నిటికంటె మించినది వేడిమి. చెమట ఆరుటచేతనే దేహము చల్లబడును. సూరత్ వంటి సముద్రతీర సమీప ప్రదేశములలో గాలియందు తేమ హెచ్చు గనుక చెమట కారునే గాని త్వరగా ఆరదు. దేహములోని వేడి నలుబది డిగ్రీలు దాటినచో బుద్ధి చెదరవచ్చును. ఆగవలసిన సమయము వచ్చినదను సంగతియే అప్పుడు పరుగెత్తువానికి తోచదు. ధైర్యమునకును మౌఢ్యమునకును నడుమనున్న గీత ఇచ్చట మిక్కిలి సన్ననిది.

1912 జూలై 14వ తేదీన స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో జరిగిన మారథాన్ పరుగు ఈ సంగతిని లోకమునకు చూపినది. నాటి ఎండలో బయలుదేరిన 68 మందిలో సుమారు సగము మంది గమ్యము చేరలేదు. పోర్చుగల్ దేశీయుడైన ఫ్రాన్సిస్కో లాజారో దారిలో కూలి, మరునాడు మరణించినాడు. ఎండ సోకకుండ ఒడలికి మైనము పూసికొన్నాడనియు, అదియే చెమటకు అడ్డమైనదనియు చెప్పుదురు. అదే పరుగులో జపాను దేశీయుడైన షిజో కనకురి ఎండకు సొమ్మసిల్లి, దారిప్రక్కన ఒక కుటుంబమువారి తోటలో సేదదీరి, అధికారులకు తెలుపకయే స్వదేశమునకు మరలినాడు. దానిని అతడు గొప్ప అవమానముగ భావించినాడు. కాని 1920లోను, 1924లోను మరల ఒలింపిక్ పరుగులలో పాల్గొన్నాడు. 1967లో స్టాక్‌హోమ్‌వారు ఆహ్వానింపగా, డెబ్బది అయిదేండ్ల వయస్సున ఆ పాత పరుగును ముగించినాడు. వారు ప్రకటించిన కాలము 54 సంవత్సరముల 8 నెలలకు పైమాటే. లోకము దీనిని నవ్వుచు చెప్పుకొనును. అయితే ఇందు నవ్వుకు మించిన అర్థము కలదు. ఆగుటకు స్వేచ్ఛ ఉన్నపుడే పరుగు పందెమగును. ఆ స్వేచ్ఛ లేనినాడు అది దాస్యము.

ఈ భేదము సూరత్ నేలమీద మరింత లోతుగా కనిపించినది. అచ్చట జరిగినది పరుగు కాదు, నడక. 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమమునుండి బయలుదేరిన గాంధీజీ, అరువది యొకటవ ఏట, సుమారు 240 మైళ్లు నడచి ఏప్రిల్ 5న దండి గ్రామము చేరినారు. నేడు నవసారి జిల్లాలోనున్న ఆ ఊరు అప్పుడు సూరత్ జిల్లాలోనిది. ముదురుచున్న ఎండలలో దినమునకు పది మైళ్లకు పైగా నడక, సోమవారము మాత్రము విశ్రాంతి. ఈ యాత్రలో భట్‌గామ్ అను పల్లెకు రాత్రివేళ పోవుచుండగా, ఒక పేద కూలివాడు బరువైన కిట్సన్ దీపమును నెత్తిన మోయుచుండుటయు, వేగముగ నడువుమని మరియొకడు వానిని తొందరపెట్టుటయు వారి కంటబడినవి. యాత్రికుల కొరకు సూరత్ నుండి మోటారు లారీలో పాలు తెప్పించిన సంగతియు తెలిసినది. మార్చి 29న ఆ పల్లెలో జరిగిన సభలో వారు తమ్మును తామే నిలదీసికొన్నారు. రాజప్రతినిధి జీతమును ఆక్షేపించుచు ఆ నెలలోనే లేఖ వ్రాసినవారికి ఈ సౌకర్యములు తగునా అన్నది వారి వేదన.

ఒకే రాత్రి, ఒకే దారి. వెలుగు యాత్రికుల పాదములకు, బరువు కూలివాని తలకు. యాత్రికుడు తన శ్రమను కోరి తెచ్చుకొన్నాడు. కూలివాడు అడుగు నెమ్మది చేయుటకైనను స్వతంత్రుడు కాడు. ఆ దీపమును మోయువానిని చూడకుండ యాత్ర సాగినయెడల, దారి పొడవు తగ్గదు గాని తపస్సు తగ్గును.

ఆ దీపము నేటికిని నేలకు దిగలేదు. తెలంగాణము నుండి పొట్ట చేతబట్టుకొని సూరత్ చేరిన తెలుగు నేతపనివారు అనేకులు కలరు. వేసవిలో ఆ నగరపు మరమగ్గముల షెడ్లలో, చెవులు హోరెత్తు మ్రోతనడుమ, పండ్రెండు గంటల వంతు పని జరుగును. నేసిన మీటర్ల లెక్కన కూలి. మగ్గము ఆగినచో కూలియు ఆగును. వారి చెమటలోని ఉప్పు పరుగెత్తువాని చెమటలోని ఉప్పుకంటె తక్కువది కాదు. వారి మెడలో పతకము వేయువారు మాత్రము లేరు.

అట్లయిన కోరి పరుగెత్తుట విడువవలెనా? విడువనక్కరలేదు. ఎండ అన నేమో, దప్పి అన నేమో దేహముతో తెలిసికొన్నవానికి ఇతరుల అలసట వినికిడి సంగతిగ నుండదు. అయితే ఆ తెలివి అప్పువంటిది. పందెములో ప్రక్కవాడు కూలినపుడు గడియారమును మరచి ఆగుటతో దానిని తీర్చుట మొదలగును. కొండమీదికి నీటికుండ మోసినవాని కూలి ఎంత అని అడుగుటతో అది కొంత తీరును. ఊరు చేరిన పిమ్మట షెడ్డులో నిలిచి పనిచేయువానికి గాలియు, నీరును, విరామమును కలవా అని విచారించినపుడు మరికొంత తీరును. ఇంత చేసినవాడు ముందు వచ్చినను, వెనుక వచ్చినను, నడుమ ఆగిపోయినను, అతని శ్రమ వ్యర్థము కాదు.