మనము తొక్కవలసిన గడప



ఖాలెద్ హొస్సేనీ 2003లో ప్రచురించిన "ద కైట్ రన్నర్" అను నవలలో, కాబూలు పట్టణపు ధనవంతుని కుమారుడు అమీర్, పనివాని కుమారుడు హసన్ కలిసి పెరిగిరి. తండ్రి హసన్‌ను మెచ్చుట చూచి అమీర్ అసూయపడెను. 1975లో దుర్మార్గులు హసన్‌ను చెరచుచుండగా అమీర్ చాటునుండి చూచి పారిపోయెను. ఆ పిమ్మట స్నేహితుని ముఖము చూడలేక, అతనిపై దొంగతనము మోపి ఇల్లు వెడలునట్లు చేసెను. అబద్ధమును దొంగతనమేయని బోధించిన ఆ తండ్రియే, హసన్ కూడ తన కుమారుడన్న సంగతి మరణమువరకు దాచెను.

యాకోబు ఇంటను ఇట్టి అసూయయే పుట్టలేదా? యోసేపును అమ్ముదమని చెప్పినవాడు యూదా. తరువాత కరవు వచ్చెను. వానలు లేని యేట మన అనంతపురము సీమవారు బెంగుళూరుకు కూలికి పోవునట్లు, ఆ అన్నలు ధాన్యమునకై ఐగుప్తునకు పోయిరి. అక్కడ బెన్యామీనుకు బదులు తానే దాసుడగుటకు యూదా ముందుకు వచ్చెను (ఆదికాండము 44). అమీరును 2001లో, చనిపోయిన హసన్ కుమారుని విడిపించుటకు కాబూలుకు తిరిగి పోయెను.

అన్యాయము పొందినవాడు చనిపోయినయెడల ఎవరిని క్షమాపణ అడుగుదుము? దేవుని క్షమాపణ ఉచితమే. అయితే క్షమింపబడినవాడు ఊరకుండలేడు. ఒకనిపై అన్యాయముగా నింద పడినప్పుడు, నిజమెరిగియు నేను నోరు మెదపలేదు. ఆయన నేడు లేడు. ఆయన కుమారుడున్నాడు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట నేను ఆ గడప తొక్కవలెను. మీకును అట్టి గడప యొకటి లేదా?