ఒక గ్లాసు మంచినీళ్లు

ఎండలు ముదిరితే మన ఊళ్లలో రోడ్ల పక్కన చలివేంద్రాలు వెలుస్తాయి. పందిరి కింద తడిగుడ్డ చుట్టిన కుండలు పెడతారు. దాహంతో వచ్చినవారిని ఎవరని అడగరు. తిరిగి ఏమీ ఇవ్వలేని, ముక్కూ మొహం తెలియని మనిషికి చేసే మేలు గనుక అది గొప్పదే. అయితే ఒక ప్రశ్న. ఇచ్చేవారు ఎప్పుడూ పైన, పుచ్చుకొనేవారు ఎప్పుడూ కింద ఉంటే అది నిండు దయ అవుతుందా?

మన రాజ్యాంగం 1950లోనే, 17వ అధికరణం ద్వారా, అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ తరువాత కూడా ఎన్నో పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి సాగింది. అక్కడా టీ పోశారు. కాని మనిషిని దూరంగా నిలబెట్టి పోశారు.

యోహాను సువార్త 4వ అధ్యాయం చూడండి. యూదులు సమరీయులతో పొత్తు పెట్టుకోని రోజుల్లో, యేసు ప్రభువు బావి దగ్గర ఒక సమరీయ స్త్రీని తానే దాహం అడిగారు. జీవజలం ఇవ్వగల ప్రభువే ముందుగా చేయి చాచారు. అలా అడగడంలోనే ఆమెను సాటి మనిషిగా గౌరవించారు.

ప్రియ సహోదరీ సహోదరులారా, పరాయివానికి నీళ్లివ్వడం మంచిదే. అతని ఇంటికి వెళ్లి, అతని గ్లాసుతో, సంకోచం లేకుండా తాగగలమా? ఈ ప్రశ్నకు ఎవరి మనస్సాక్షి వారికి జవాబు చెప్పాలి.